లోకల్ రైలు తలుపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా కల్యాణ్ వైపు నుంచి ముంబైలోకి రోజూ లోకల్‌లో వెళ్లి వస్తున్నాను. ఊరి నుంచి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి వారంలోనే తలుపుల గురించి అడుగుతారు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర లోకల్ తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు కింద పడిన ప్రమాదం తర్వాత ఇంటి దగ్గరి పెద్దవాళ్ల ఫోన్లు కూడా మొదలయ్యాయి. అందరికీ చెప్పేవి అవే జవాబులు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎక్కువగా ముంబై సంగతులే ఉంటాయి. హైదరాబాద్ ఎమ్‌ఎమ్‌టీఎస్, చెన్నై లోకల్ వాళ్లు అడిగినవి కూడా కలిపాను.

## ఎక్కక ముందు

ముంబై లోకల్‌కి అసలు తలుపులు ఉన్నాయా? ఎప్పుడు చూసినా తెరిచే ఉంటాయేంటి?

ఉన్నాయి. పక్కకి జరిపే తలుపులు, చేత్తో లాగాలి. వాన జల్లు మరీ లోపలికి కొడితే ఎవరైనా కాస్త లాగుతారు, లేకపోతే తెరిచే ఉంటాయి. దీనికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోవద్దు. రద్దీ వేళ చదరపు మీటరు చోటులో 14 నుంచి 16 మంది నిలబడతారని లెక్క. ఏసీ లేని పెట్టెలో అంతమంది ఉండగా తలుపు మూస్తే నాలుగు స్టేషన్లు దాటేలోపే కళ్లు తిరుగుతాయి. ఇక్కడ మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు నడిచింది. అప్పటి నుంచి మామూలు లోకల్‌కి గాలి వచ్చేది ఎక్కువగా కిటికీల్లోంచి, తలుపుల్లోంచే.

వాటంతట అవే మూసుకునే తలుపులు ఎప్పుడొచ్చాయి?

ఏసీ లోకల్‌తో వచ్చాయి. మొదటిది 2017 డిసెంబర్ 25న వెస్ట్రన్ లైన్‌లో చర్చ్‌గేట్, బోరివలి మధ్య నడిచింది. బండి చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైంది. సెంట్రల్ రైల్వేలో 2020 జనవరిలో ఠాణే, వాశీ, పన్వేల్ వైపు మొదలైంది. మొదట్లో టికెట్ ఖరీదని పెద్దగా ఎక్కేవారు కాదు. 2022 మే 5 నుంచి సింగిల్ టికెట్ ధర సుమారు సగానికి తగ్గించారు, దాంతో జనం పెరిగారు. ఖాళీగా తిరిగినప్పుడు బుద్ధిగా మూసుకున్న తలుపులు కిక్కిరిసిన బండిలో మొరాయించడం చూశాం. తలుపు మూసుకోవాలంటే ముందు మనిషికి లోపల చోటుండాలి. ఈ పేజీలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు అంటే, నేను ఈ మాటే చెబుతాను.

హైదరాబాద్ మెట్రోలో చక్కగా మూసుకుంటాయి కదా, ఎమ్‌ఎమ్‌టీఎస్‌లో ఎందుకు లేవు?

రెండూ పట్టాల మీదే నడుస్తాయి కానీ పుట్టుక వేరు. మెట్రో 2017 నవంబర్‌లో సొంత దారి మీద, ఏసీ పెట్టెలతో మొదలైంది. తలుపు మూసుకోకుండా కదలని రకం బండి అది. ఎమ్‌ఎమ్‌టీఎస్ 2003 ఆగస్టు 9న అప్పటికే ఉన్న రైల్వే లైన్ల మీద మొదలైంది. ముంబై మామూలు లోకల్ లాంటి పెట్టెలు, ఏసీ ఉండదు, తలుపులు తెరిచే నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు వెళ్లే పట్టాలే దీనికీ దారి కాబట్టి వాటికి దారిస్తూ ఆగుతుంది. అక్కడ ఆలస్యానికి తలుపులతో సంబంధం తక్కువ.

సూళ్లూరుపేట నుంచి చెన్నై లోకల్‌లో వెళ్తుంటాం. అక్కడ పరిస్థితి ఏంటి?

అక్కడా మామూలు లోకల్ తలుపులు తెరిచే ఉంటాయి. 2025 ఏప్రిల్ 19న తాంబరం, చెంగల్పట్టు వైపు ఏసీ లోకల్ మొదలైంది, దానికి ఆటోమేటిక్ తలుపులున్నాయి. చెన్నై వాళ్లు మర్చిపోకూడని రోజు ఇంకొకటి ఉంది. 2018 జూలై 24న పైన కరెంటు తీగ సమస్య వల్ల లోకల్‌ని ఫాస్ట్ లైన్‌లోకి మళ్లించారు. సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్లో ఆ లైన్ పక్కనున్న కాంక్రీటు గోడ ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లకు తగిలి ప్రాణాలు పోయాయి. రోజూ వెళ్లే లైన్లో గోడ ఎంత దూరంలో ఉంటుందో వాళ్లకు అలవాటే. ఆ రోజు లైన్ మారింది. బండి ఏ కారణంతో ఏ పట్టా మారుతుందో తలుపు దగ్గర ఉన్నవాళ్లకు ముందుగా తెలియదు.

## ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

మూసుకుంటున్న తలుపుకి చెయ్యి అడ్డం పెడితే మళ్లీ తెరుచుకుంటుంది కదా?

చాలావరకు తెరుచుకుంటుంది. తలుపు అంచున రబ్బరు ఉంటుంది. ఏదైనా అడ్డం తగిలిందని మోటారు మీద పడే బరువుని బట్టి గానీ, అంచులోని సెన్సర్‌ని బట్టి గానీ తెలుసుకుని వెనక్కి జరుగుతుంది. ఇది ప్రమాదవశాత్తూ ఇరుక్కున్నవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. స్నేహితుడు మెట్లు దిగి వచ్చేదాకా బండిని ఆపడానికి కాదు. అడ్డం పెట్టిన ప్రతిసారీ తలుపు మళ్లీ తెరుచుకోవాలి, మళ్లీ మూసుకోవాలి. రెండు మూడు సార్లు అలా అయ్యాక కొన్ని రకాల తలుపులు లోపం ఉందని నమోదు చేసుకుని పనిచేయడం మానేస్తాయి. వెనక మూడు నాలుగు నిమిషాల తేడాతో ఇంకో బండి వస్తూ ఉంటుంది. మీ చెయ్యి వల్ల పోయిన అర నిమిషం ఆ లైన్లోని బండ్లన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా పాకుతుంది.

చున్నీ, చీర కొంగు, బ్యాగు పట్టీ ఇరుక్కుంటే సెన్సర్ పట్టుకోదా?

పట్టుకుంటుందని నమ్మవద్దు. చెయ్యి, కాలు మందంగా ఉంటాయి కాబట్టి తెలుస్తాయి. పల్చటి గుడ్డ, సన్నటి పట్టీ రెండు రబ్బరు అంచుల మధ్య నలిగి ఉండిపోతే తలుపు పూర్తిగా మూసుకున్నట్టే లెక్క, బండి కదులుతుంది. ప్రపంచంలో ఎక్కడైనా ఆటోమేటిక్ తలుపులకు ఉన్న పెద్ద బలహీనత ఇదే. ఎక్కే ముందే కొంగు దోపుకోవడం, బ్యాగు ముందుకి తగిలించుకోవడం అలవాటు చేసుకోండి. ప్లాట్‌ఫాం మీద ఉండగా ఇరుక్కుంటే బ్యాగు వదిలేయండి, గట్టిగా కేకలు వేయండి. చుట్టూ ఉన్నవాళ్లు గార్డు వైపు చేతులు ఊపాలి. బ్యాగు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

ఒక్క తలుపు మూసుకోకపోతే బండి మొత్తం ఎందుకు ఆపేస్తారు?

తలుపులన్నీ ఒకే గొలుసు లాంటి కరెంటు లైనుకి కలిపి ఉంటాయి. ప్రతి తలుపూ మూసుకుని గడియ పడితేనే ఆ గొలుసు పూర్తవుతుంది, బండి నడిపే మోటర్‌మ్యాన్‌కి దీపం వెలుగుతుంది, అప్పుడే బండి కదలడానికి వీలవుతుంది. పన్నెండు పెట్టెల బండికి ఒక్కో వైపు నలభైకి పైగా తలుపులు ఉంటాయి. వాటిలో ఒక దాంట్లో బ్యాగు ఇరుక్కున్నా గొలుసు తెగినట్టే. లోపల ఉన్నవాళ్లకు చిరాకుగానే ఉంటుంది. కానీ ఈ అడ్డు లేకపోతే ఎవరి కాలో తలుపులో ఇరుక్కుని ఉండగానే బండి బయలుదేరుతుంది.

మా స్టేషన్ వచ్చినా తలుపు తెరుచుకోలేదు. ఏం చేయాలి?

నాకూ ఒక సాయంత్రం ఇలాగే అయింది. బండి ఆగింది, పక్క తలుపులన్నీ తెరుచుకున్నాయి, నేను నిలబడ్డ తలుపు మాత్రం కదల్లేదు. వెనక నుంచి తోపులాట, ఒకటే టెన్షన్. పక్క తలుపుకి చేరేలోపు అన్నీ మూసుకున్నాయి, తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వచ్చాను. ఆ తలుపుకి లోపం ఉందని కాగితం అంటించి ఉందట, గుంపులో నాకు కనపడలేదు. అప్పటి నుంచి దిగాల్సిన స్టేషన్‌కి రెండు స్టేషన్ల ముందే నా తలుపు పనిచేస్తోందో లేదో చూసుకుంటాను.

ఒక్క తలుపే తెరుచుకోకపోతే అది ఆ తలుపు లోపం, పక్క దానికి వెళ్లండి. బండిలో ఏ తలుపూ తెరుచుకోకపోతే గార్డు ఇంకా మీట నొక్కలేదనో, బండి పూర్తిగా ఆగినట్టు సంకేతం అందలేదనో అర్థం. అప్పుడు తలుపు దగ్గరి టాక్‌బ్యాక్ బటన్ నొక్కి బండి సిబ్బందితో మాట్లాడండి. తలుపు గుద్దితే రబ్బరు, గడియ పాడవడం తప్ప లాభం లేదు.

## బండి నడుస్తున్నప్పుడు

ఆఫీసు టైమ్‌లో ఫుట్‌బోర్డు తప్ప చోటే దొరకదు. ఏం చేయమంటారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లని తప్పు పట్టలేను. కసారా, కర్జత్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ బండి పోతే సగం జీతం కోత పడే ఉద్యోగాలున్నాయి. అయినా ముంబ్రాలో ఏం జరిగిందో తెలుసుకోండి. దివా, ముంబ్రా మధ్య మలుపు ఉంది. 2025 జూన్ 9 ఉదయం ఎదురెదురుగా వెళ్తున్న రెండు లోకళ్లు అక్కడ ఒకదాన్నొకటి దాటాయి. తలుపుల దగ్గర వేలాడుతున్నవాళ్లు, వాళ్ల బ్యాగులు ఒకరికొకరు రాసుకుని పదిమందికి పైగా కింద పడ్డారు. నలుగురు అదే రోజు చనిపోయారు. మలుపులో పెట్టె లోపలి వైపుకి ఒరుగుతుంది, రెండు బండ్ల మధ్య చోటు తగ్గుతుంది. బయటకి వచ్చిన భుజం, వీపు మీది బ్యాగు ఆ తగ్గిన చోటులోకే వస్తాయి.

తప్పనిసరైతే బ్యాగు వీపు మీద ఉంచుకోకండి, ఫోన్ లోపల పెట్టండి, పక్క పట్టా వైపు తలుపు దగ్గర నిలబడకండి. పావుగంట ముందు బయలుదేరడం, వెనక వచ్చే స్లో బండి ఎక్కడం లాంటివి చేయగలిగిన రోజు తప్పకుండా చేయండి. మెట్టు మీద ప్రయాణం రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద నేరం కూడా: మూడు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఏసీ లోకల్ నడుస్తుండగా ఒక తలుపు తెరిచే ఉండిపోయింది. చెయిన్ లాగాలా?

ముందు తలుపు దగ్గరున్నవాళ్లని లోపలికి లాగండి. ఏసీ లోకల్ తలుపు దగ్గర పట్టుకుని వేలాడటానికి అనువైన ఏర్పాటు ఉండదు, బండి కుదిపితే పట్టు దొరకదు. తర్వాత టాక్‌బ్యాక్‌లో పెట్టె నంబర్ చెప్పండి. నంబర్ లోపల గోడ మీద రాసి ఉంటుంది. ఎవరైనా పడిపోయే పరిస్థితి ఉంటే చెయిన్ లాగడానికి వెనకాడవద్దు. సరైన కారణం లేకుండా లాగితేనే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద నేరం.

## మధ్యలో ఆగిపోతే

స్టేషన్ల మధ్య బండి ఆగింది, తలుపులు మూసి ఉన్నాయి. ఎమర్జెన్సీ హ్యాండిల్ తిప్పి దిగిపోవచ్చా?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. జపాన్‌లో జరిగిన రెండు సంఘటనలు చెబితే త్వరగా అర్థమవుతుంది.

1951 ఏప్రిల్ 24న యొకొహామాలోని సకురాగిచో స్టేషన్ దగ్గర తెగిన కరెంటు తీగ తగిలి ఒక లోకల్ అంటుకుంది. కరెంటు పోవడంతో తలుపులు తెరుచుకోలేదు. కిటికీలు మనిషి దూరేంత పెద్దవి కావు. తలుపుని చేత్తో తెరవడానికి ఒక మీట ఉందని ప్రయాణికులకు తెలియదు. 106 మంది చనిపోయారు. ఆ తర్వాత మీట ఎక్కడుందో అందరికీ కనపడేలా గుర్తులు పెట్టారు.

1962 మే 3న టోక్యోలోని మికవాషిమా దగ్గర ఒక గూడ్సు బండికి, లోకల్‌కి ప్రమాదం జరిగింది. ఈసారి ప్రయాణికులకు మీట తెలుసు. తలుపులు తెరుచుకుని పట్టాల మీదకి దిగారు. కొన్ని నిమిషాల్లో ఎదురు లైన్లో ఇంకో లోకల్ వచ్చింది. మొత్తం 160 మంది చనిపోయారు.

మన దగ్గరా 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో నిప్పంటుకుందన్న పుకారుతో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్లని పక్క పట్టా మీద వచ్చిన బండి ఢీకొట్టింది.

కాబట్టి మీట ఎక్కడుందో ఎక్కగానే చూసి పెట్టుకోండి. పెట్టెలో మంట, పొగ కనపడితే తిప్పండి, పక్క పట్టా లేని వైపుకే దిగండి. బండి ఊరికే ఆగిపోతే మాత్రం తిప్పవద్దు. అరగంటైనా లోపలే ఉండండి. గార్డు దిగమని చెప్పేటప్పటికి పక్క లైన్లో బండ్లు ఆపించి ఉంటారు.

కరెంటు పోతే ఏసీ పెట్టెలో ఊపిరాడదా?

ఏసీ ఆగినా బ్యాటరీ మీద అత్యవసర దీపాలు, గాలి ఆడించే ఫ్యాన్లు కొంతసేపు నడిచేలా ఏర్పాటు ఉంటుంది. ఉక్కపోత తప్పదు, ఊపిరి వెంటనే ఆగిపోదు. పిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లకు కూర్చోవడానికి చోటివ్వండి. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే టాక్‌బ్యాక్‌లో చెప్పండి, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి.

చెయిన్ లాగితే తలుపులు తెరుచుకుంటాయా?

తెరుచుకోవు. చెయిన్ బండిని ఆపడానికి మాత్రమే.

## కార్‌షెడ్‌లో

బండ్లు నిలిపి బాగుచేసే షెడ్‌లో రోజూ చూస్తారు కదా, అయినా తలుపులు ఎందుకు చెడిపోతాయి?

చిన్న లెక్క వేసుకుందాం. లక్ష సార్లు తెరిచి మూస్తే ఒక్కసారే మొరాయించే మంచి తలుపు అనుకోండి. ఒక్కో వైపు నలభై తలుపులు, దారిలో పాతిక స్టేషన్లు: ఒక్క ట్రిప్పుకే వెయ్యి సార్లు. రోజుకి పది ట్రిప్పులైతే పదివేలు. అంటే ఒక్కో బండికి పది రోజులకొకసారి ఏదో ఒక తలుపు మొరాయిస్తుంది. అలాంటి బండ్లు పది ఉంటే ఆ లైన్లో రోజుకొకటి. ఇవి నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలే. కానీ తలుపు ఎంత బాగున్నా లోపం ఎందుకు తరచుగా కనపడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. బ్రేకులు, మోటార్లతో పోలిస్తే తలుపుకి కదిలే ముక్కలు ఎక్కువ, మనుషుల చేతులు తగిలేదీ దానికే.

షెడ్‌కి వచ్చే లోపాల్లో సామాన్యమైనవి ఇవి: కింది గాడిలో చెత్త, గుట్కా ప్యాకెట్లు, చిన్న రాళ్లు ఇరుక్కోవడం, రబ్బరు అంచు చిరగడం, గడియ పడినట్టు చెప్పే చిన్న స్విచ్ అర మిల్లీమీటరు పక్కకి జరగడం. గుంపు లోపలి నుంచి నెట్టినప్పుడు తలుపు బయటకి ఉబ్బి గాడిలో రాసుకుంటుంది. షెడ్‌లో ఖాళీ బండిలో చూస్తే అదే తలుపు చక్కగా నడుస్తుంది. మెకానిక్‌లకు అన్నిటికన్నా కష్టం ఈ రకమే.

వానాకాలంలో ఎక్కువగా చెడతాయా?

అవును. నీళ్లు, బురద గాడిలోకి చేరతాయి. కరెంటు కనెక్టర్లలోకి తేమ వెళ్తే తలుపు మూసి ఉన్నా మూసి లేనట్టు సంకేతం వెళ్తుంది. తడిసిన గొడుగులు, రెయిన్‌కోట్లు ఇరుక్కోవడం వీటికి తోడు.

తలుపు మీద కాగితం అంటించి, మూసే ఉంచి బండి నడుపుతున్నారు. ప్రమాదం కాదా?

చెడిపోయిన తలుపుని మూసి, తాళం వేసి, ఆ కరెంటు గొలుసు నుంచి తప్పిస్తారు. మిగతా తలుపులన్నిటికీ రక్షణ అలాగే ఉంటుంది. వేలమందిని మధ్యలో దింపేసి బండి రద్దు చేయడం కన్నా ఇదే మేలు. రద్దయిన బండి జనం తర్వాతి బండి తలుపుల దగ్గరే వేలాడతారు. అయితే ఒకే పెట్టెలో, ఒకే వైపు రెండు తలుపులు అలా ఉంటే 139కి గానీ, రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్‌మదద్‌లో గానీ చెప్పండి. పెట్టె నంబర్, ఎన్నో తలుపు, ఏ వైపు, ఏ స్టేషన్ దగ్గర, ఎన్ని గంటలకు అన్నవి రాయండి. ‘తలుపు బాగాలేదు’ అని మాత్రమే రాస్తే షెడ్‌లో వాళ్లు ఎక్కడని వెతుకుతారు?

## ప్రమాదం జరిగితే

లోకల్ నుంచి పడి చనిపోతే పరిహారం వస్తుందా? టికెట్ దొరకకపోతే?

వస్తుంది. రైల్వే చట్టం 124ఎ సెక్షన్ ప్రకారం రైలు నుంచి ప్రమాదవశాత్తూ పడటం పరిహారం ఇవ్వాల్సిన ఘటనే. రైల్వే తప్పుందని మీరు నిరూపించక్కర్లేదు. 2017 జనవరి 1 నుంచి మరణానికి 8 లక్షల రూపాయలు, గాయాలకు వాటి తీవ్రతను బట్టి ఇస్తారు. ఆత్మహత్య, మత్తులో ఉండటం, సొంత నేరం లాంటివైతే రాదు. ఎక్కుతూ, దిగుతూ పడినా వర్తిస్తుందని, శవం దగ్గర టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదని 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రయాణం నిజమేనని కుటుంబం అఫిడవిట్ ఇవ్వాలి.

దరఖాస్తు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాదిలోపు వేయాలి. ప్రమాదం ముంబైలో జరిగినా మీరు నివసించే చోటి బెంచ్‌లో వేయవచ్చు. సికింద్రాబాద్‌లో బెంచ్ ఉంది. రైల్వే పోలీసుల పంచనామా, పోస్ట్‌మార్టమ్ రిపోర్టు నకళ్లు మొదటి వారంలోనే తీసుకోండి. ఊరికి వెళ్లిపోయాక వాటి కోసం తిరగడం పెద్ద నరకం, దగ్గరగా చూశాను.

## ఇక ముందు

ఏసీ లేని లోకల్‌కి కూడా ఆటోమేటిక్ తలుపులు పెడతారట. ఊపిరాడేదెలా?

ముంబ్రా ప్రమాదం తర్వాత 2025 జూన్‌లో రైల్వే ప్రకటించిన నమూనాలో మూడు మార్పులున్నాయి: తలుపులకే గాలి చొరబడే పలకల సందులు, పైకప్పు మీద నుంచి గాలి లోపలికి పంపే యంత్రాలు, పెట్టె నుంచి పెట్టెకి నడిచేలా దారి. మూడోది నాకు బాగా నచ్చింది. గుంపు ఒకే తలుపు దగ్గర పేరుకోకుండా పక్క పెట్టెలోకి సర్దుకోవచ్చు. తలుపు తెరిచి మూయడానికి ప్రతి స్టేషన్లో కొన్ని క్షణాలు ఎక్కువ పడతాయి. ఇరవై, ముప్ఫై సెకన్లు మాత్రమే ఆగే చోట అది పెద్ద సంగతే. బండ్ల సంఖ్య కూడా పెంచకపోతే ఇప్పుడు వేలాడుతున్నవాళ్లు ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతారు.

అమ్మానాన్న మొదటిసారి ముంబై వస్తున్నారు. ఏ లోకల్ ఎక్కించమంటారు?

పదకొండు నుంచి నాలుగు మధ్య ఏసీ లోకల్. దానికి వేరే టికెట్ ఉంటుంది, మామూలు పాస్‌తో ఎక్కితే జరిమానా పడుతుంది. తలుపు పక్కన కాకుండా పెట్టె నడిమికి తీసుకెళ్లండి. దిగాల్సిన స్టేషన్‌కి ముందు స్టేషన్ దాటగానే లేపి, ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో ప్రకటన విని ఆ వైపు నిలబెట్టండి. దిగేటప్పుడు ముందు మీరు దిగి చెయ్యి అందించకండి, మధ్యలో తలుపు మూసుకుంటే వాళ్లు లోపలే ఉండిపోతారు. వాళ్లని ముందు దింపి, మీరు వెనక దిగండి.